పుస్తకం తెరిస్తే జానే

సూర్యాపేటల సుగుణ టీచర్ ఇల్లెక్కడని అడుగున్రి. ఇల్లు చూపెట్టేటోళ్ళు ముందుగాల "జర పైలం, ఆమెకు ముక్కు మీదనే కోపముంటది" అని చెప్తరు. అబద్ధమేం గాదు, ఆ సుగుణ టీచర్‌ను నేనే. పొద్దంత ప్రైవేటు బళ్ళె గొంతు చించుకొని, సాయంత్రం ఇంటి వరండల మళ్ళ పోరగాండ్లను ముంగటేసుకొని ఇంగ్లీషు చెప్పేటామెకు కోపం గాకపోతే ఇంకేమొస్తది? అయితే సుందరమ్మ ముచ్చట వచ్చినప్పుడు మాత్రం నాకు కోపం, నవ్వు, ఏడుపు మూడూ ఒక్కపారే వస్తయి.

సుందరమ్మది చివ్వెంల దిక్కు ఒక పల్లె. అంగన్‌వాడీల ఆయమ్మ. పిల్లలకు గుడ్లు ఉడకవెట్టుడు, ముక్కులు తుడుసుడు, ఏడ్సేటోన్ని సంకనేసుకునుడు ఆమె పని. పెనిమిటి మిర్యాలగూడల రైస్ మిల్లుల హమాలీ. బస్తాలు మోస్తడు, ఆదివారం చర్చి టైముకు ఇంటికొస్తడు. వాళ్ళ బిడ్డ ప్రవళిక నా ట్యూషన్ల ఏడో తరగతి. పిల్ల ఒక్కతే బస్సుల వచ్చుడెట్లని తల్లి తోడొచ్చేది. చెప్పులు గేటు కాడ ఇడిసి, మెట్టు మీద కూసొని, ట్యూషన్ అయ్యేదాక చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంట ఉండేది.

నాకొక పద్ధతి ఉన్నది. ఇంగ్లీషు పాఠం చదివేటప్పుడు హి, షి, ఇట్, దే, దిస్, దోజ్ అని ఏది తగిలినా ఆడనే ఆపుత. "ఎవరు?" అని అడుగుత. వస్తువైతే "ఏంది?" అంట. జవాబు చెప్పనిది ముంగటికి పోనియ్య. పోరగాండ్లు నా ఎన్క నన్ను "ఎవరు టీచర్" అంటరని నాకు తెలుసు. అననియ్యున్రి. పేరు జాగల వచ్చిన మాట ఎవరిదో పట్టుకోకపోతే ఆ పాఠంల ఎవడు కొట్టిండు, ఎవడు తిన్నడు, ఎవడు పోయిండు, ఒక్కటి సుత అర్థం గాదు. మనం ఇంట్ల "గది గాడ పెట్టు" అంటే కండ్లతోని చూపెడ్తం, అవతలోళ్ళకు తెలుస్తది. పుస్తకానికి కండ్లు లేవు గదా, మనమే ఎతుక్కోవాలె.

ఒకరోజు పోరగాండ్లకు ఒక వాక్యం చెప్పిన. బస్తా దర్వాజల పట్టలేదు, ఎందుకంటే ఇట్ ఇరుకుగ ఉన్నది. "ఇట్ అంటే ఏంది?" అన్న. అందరు ఒక్క గొంతుతోని "బస్తా" అన్నరు. నేను కర్ర కోసం చూస్తున్న. మెట్టు మీదికెళ్ళి మెల్లగ, "బస్తా ఇరుకెట్లయితది టీచరమ్మా? దర్వాజ గావచ్చు" అని ఇనవడ్డది.

"నువ్వేం చదివినవ్?" అని అడిగిన.

"తొమ్మిది. పదిల ఉండంగ పెండ్లి చేసిన్రు."

"మరి ఈనెలు తీస్తవేంది? లోపలికొచ్చి కూసో."

అట్ల వచ్చి బిడ్డ పక్కన కూసున్నది. తర్వాత తెలిసింది, వాళ్ళ అంగన్‌వాడీ టీచర్ పుష్పాబాయి వచ్చే ఏడు రిటైర్ అయితది. ఆ లోపల పది పాసైతే ఆ పోస్టు ఆయమ్మకే వస్తదని సూపర్‌వైజర్ మేడమ్ చెప్పింది. పాస్ గాకపోతే బయటోళ్ళొస్తరు, ఈమె గుడ్లు ఉడకవెట్టుకుంటనే ఉండాలె. ఓపెన్ టెన్త్ ఫీజు కట్టింది. లెక్కలు, తెలుగు, సైన్సు ఎట్లన్న గట్టెక్కుతనన్నది. భయమంత ఇంగ్లీషు మీదనే.

"పైసల కోసం గాదు టీచరమ్మా. మా పిల్లలకు అక్షరాలు నేను నేర్పాలె. నన్ను సుత ఎవరన్న టీచర్ అని పిలువాలె" అన్నది. ఆ మాట చెప్పేటప్పుడు సిగ్గుతోని చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

మనిషి చురుకు. నోరు సుత చురుకే. ఒకరోజు షి ఎప్పుడు రాయాలె, ఇట్ ఎప్పుడు రాయాలె అని చెప్తున్న. మనకు తెలుగుల ఆడమనిషినీ 'అది' అంటం, బర్రెనూ 'అది' అంటం, అందుకే మన పోరగాండ్లు అమ్మను కూడ ఇట్ అని రాసి పెడ్తరు. సుందరమ్మ చెయ్యి లేపింది.

"మా అత్త నన్ను 'అదేడున్నది, అదేం చేస్తున్నది' అంటది. ఇంగ్లీషుల నేను షి అయితనా టీచరమ్మా?"

"అయితవ్."

"అత్తకు సుత షినేనా?"

"ఆమెకూ షినే."

"అయితే ఇంగ్లీషే నయం, మా ఇద్దరిని ఒక్క బెంచి మీద కూసోవెట్టింది" అన్నది. పోరగాండ్లు పడీపడీ నవ్విన్రు, నేను సుత ఆపుకోలేకపోయిన.

దిస్ అనే మాట మనిషిని, వస్తువును కాకుండ ఒక్కోపారి జరిగిన సంగతంతటినీ చూపెడ్తదని చెప్తే పెద్ద పోరగాండ్లే నోరు తెరిచిన్రు. వాగు పొంగింది, రోడ్డు తెగింది, దిస్ వల్ల బస్సులు బంద్ అయినయి. దిస్ అంటే ఏంది? వాగు అంటడు ఒకడు, రోడ్డు అంటడు ఇంకొకడు. సుందరమ్మ కొంచెం సేపు ఆలోచన చేసింది. "గిదంత అన్నట్టు గదా? మా అత్త రామాయణమంత చెప్పి ఆఖరికి 'గిదీ సంగతి' అంటది, గట్ల" అన్నది. నాకు ముద్దొచ్చింది ఆమె మీద. ఇగ పాస్ అయినట్టే అనుకున్న.

గండం వేరే జాగల ఉన్నది. నేను ఓపెన్ టెన్త్ పాత పేపర్లు తీసి చదివించుడు షురూ చేసినంక బయటపడ్డది.

మొదటి వాక్యమే, జాన్ వాళ్ళ అన్నతోని సంతకు పోయిండు, హి ఒక మేకను కొన్నడు. "హి ఎవరు?" అని సుందరమ్మను అడిగిన. పలకలేదు. మళ్ళ అడిగిన. తల వంచుకొని బిడ్డ మోచెయ్యి గిచ్చింది. ప్రవళిక లేచి "జాన్, టీచర్" అన్నది.

"నేను నిన్నడిగిన్నా? మీ అమ్మను అడిగిన. చెప్పు సుందరమ్మా, హి ఎవరు?"

"మా ప్రవళిక వాళ్ళ నాయన" అన్నది.

నాకు తిక్క లేసింది. "మీ ఆయన ఈ సంతల ఎందుకున్నడు?" అన్న. అప్పుడు ప్రవళిక నా చెవుల చెప్పింది. "టీచర్, మా నాన్న పేరే జాన్. అమ్మ ఆ పేరు నోటితోని తియ్యది."

ఇగో, చూడున్రి నా కర్మ! పెనిమిటి పేరు ఏ అంజయ్యనో జానయ్యనో అయితే ఇంగ్లీషు పుస్తకాలల్ల తగలనే తగలడు. ఈమె పెనిమిటి జాన్. ఇంగ్లీషు గ్రామర్ రాసినోళ్ళకు వేరే పేరు దొరకదాయె. పుస్తకం తెరిస్తే జానే. జాన్ బంతి ఆడ్తడు, జాన్ కాఫీ తాగుతడు, జాన్‌కు జొరమొస్తది. చర్చిలనైతే ఆ పేరు యోహాను అని వస్తది గనుక ఆమెకు ఇన్నేండ్లు ఏ పరేషానీ లేకుండె.

"ఈ కాలంల ఇదేం చాదస్తం సుందరమ్మా? మొగని పేరు తీస్తే ఏమైతది?" అని అరిచిన.

ఆమె అరవలే. అందరు పోయినంక, చెప్పులు తొడుక్కుంట చెప్పింది. పెండ్లినాడు ఆడబిడ్డలు దర్వాజకు అడ్డం నిలవడి, మొగని పేరు చెప్తెనే లోపలికి రానిస్తమంటరు గదా. అందరు ఏ పాటనో పద్యమో కలిపి, సిగ్గుపడుకుంట మెల్లగ చెప్తరు. ఈమె అప్పుడు పసిపిల్ల, గట్టిగ ఒక్కపారే "జాన్" అని చెప్పి లోపలికి ఉరికింది. అందరు నవ్విన్రు. వారం తిరగకముందే జాన్ మిల్లు కాడ లారీ మీదికెళ్ళి పడి కాలు ఇరగ్గొట్టుకున్నడు. అత్త పిచ్చమ్మ దవాఖాన వరండలనే, నలుగురి ముంగట, "నోరు తెరిచి పేరు తీసింది, నా కొడుకు కాలు తీసింది" అన్నది. ఆ కాలు ఇప్పటికీ సక్కగ లేదు, జర ఈడుస్తడు.

"ఆయిన నడిచినప్పుడల్ల నాకు నా నోరే యాదికొస్తది టీచరమ్మా. ఇంకోపారి తీసి, ఇంకేమన్న అయితే?" అన్నది.

పేరుకూ కాలుకూ ఏం సంబంధమని అనొచ్చు. అన్న కూడ. కానీ ఆమెది మొండితనం గాదు, ప్రేమ. ప్రేమతోని కొట్లాడి గెలుసుడు నా తోని గాదు. అందుకని ట్యూషన్ల జాన్ వచ్చిన కాడల్ల అంజయ్య అని మార్చిన. సంతకు అంజయ్య పోయిండు, కాఫీ అంజయ్య తాగిండు. సుందరమ్మ హాయిగ జవాబులు చెప్పింది. పరీక్షల రాసుడే గదా, రాస్తే పలికినట్టు గాదని నేను, ఆమె ఇద్దరం అనుకున్నం.

పరీక్ష సెంటర్ కోదాడల పడ్డది. ఇంగ్లీషు పరీక్ష రాసి, సూర్యాపేటల బస్సు దిగి సీదా నా ఇంటికొచ్చింది. మొఖం చూస్తెనే తెలిసింది. నీళ్ళిచ్చిన. తాగలే.

"పాఠమంత ఆయినదే టీచరమ్మా" అన్నది.

పేపర్ల వచ్చిన పాఠం జాన్ అనే పదేండ్ల పిలగాడు మేకపిల్లను పోగొట్టుకున్న కథ. ఈ లైనుల హి ఎవరు, ఆ లైనుల హిమ్ ఎవరు, మేకను ఎతికింది ఎవరు, ఏడ్సింది ఎవరు, అన్నిటికీ జవాబు జానే. అన్నీ తెలుసు ఆమెకు.

"రాస్తే పలికినట్టు గాదంటివి గదా!"

"రాసేటప్పుడు లోపల పలుకుతం గదా టీచరమ్మా. పెన్ను పెట్టంగనే నోట్లకొస్తుండె. గా టైముకు ఆయిన లారీ మీద ఉన్నడో ఏమో."

"మరేం రాసినవ్?"

"ఫాదర్ ఆఫ్ చిల్డ్రన్ అని రాసిన" అన్నది.

ఓరి దేవుడా! పదేండ్ల పోరడు, మేకపిల్ల కోసం ఏడుస్తున్నడు, వాడు పిల్లల తండ్రట. పేపర్ దిద్దినాయన ఎన్నిమార్లు అద్దాలు తుడుసుకున్నడో! నేను నవ్వుకుంట తిట్టిన, తిట్టుకుంట నవ్విన. నా నవ్వు చూసి ఆమె ఏడ్సింది. అప్పుడు నవ్వు ఆపి, నీళ్ళ గ్లాసు మళ్ళ ఆమె చేతికిచ్చిన.

రిజల్ట్స్ వచ్చినయి. అన్నిట్ల పాస్, ఇంగ్లీషుల ఫెయిల్. ఇగ సప్లిమెంటరీ ఒక్కటే ఆధారం. అది తప్పితే పుష్పాబాయి జాగల బయటామె వచ్చి కూసుంటది.

నాకు ఆ రోజు నిద్రపట్టలే. తెల్లారినంక ప్రవళిక కాడ నంబర్ తీసుకొని మిర్యాలగూడకు ఫోన్ కొట్టిన. అంతకుముందు ఆ మనిషితోని ఒక్క మాట మాట్లాడలే.

"జాన్ నువ్వేనా? నేను ప్రవళిక వాళ్ళ టీచర్‌ను. నీ పేరు నీ పెండ్లానికి గండమైంది, తెలుసా నీకు? నీ కాలు ఇరిగిందని నీ పేరు తీస్తలేదు, నీ పేరు తియ్యక ఫెయిలైంది. నీకేం కాదని నువ్వన్న చెప్పొద్దా? బస్తాలు మోస్తవ్ గదా, గీ ఒక్క బరువు ఆమె మీదికెళ్ళి దించరాదా?"

అవతలికెళ్ళి మిల్లు చప్పుడొక్కటే ఇనవడ్డది. తర్వాత "సరే మేడమ్" అన్నడు, పెట్టేసిండు. ఇంత మట్టిముద్ద మనిషి ఉంటడా అని ఇంకింత తిట్టుకున్న.

దసరా దాటినంక సప్లిమెంటరీ. సుందరమ్మ పోతదో పోదోనని నాకు అనుమానం. బడికి లీవ్ పెట్టి నేనే తీస్కపోయిన. కోదాడ దాక బస్సుల ప్రార్థన చేసుకుంట కూసున్నది. నేను మధ్య మధ్యల "ఈసారి పేరుంటే పేరే రాయాలె" అంటుంటే తల ఊపుడే తప్ప "రాస్త" అనలేదు.

సెంటర్ గేటు ముంగట జాన్ నిలవడి ఉన్నడు.

మిల్లుకెళ్ళి సీదా బస్సెక్కినట్టున్నడు, ఎంటికెలల్ల తవుడు, భుజం మీద తువ్వాల. సుందరమ్మ ఆగిపోయింది. "ఏమైంది? గీడెందుకున్నవ్? అత్తకు బాగలేదా?" అని గాబరపడ్డది.

"అందరు బాగనే ఉన్నరు. నీకొక మాట చెప్పేదున్నది" అన్నడు. నా దిక్కు చూసిండు. నేను పక్కకు జరగలే. జరిగే మనిషిని గాదు.

"గా దినం నా కాలిరిగింది నీ నోటితోని గాదే" అన్నడు. "పెండ్లి దావత్ ఇయ్యమని మిల్లు దోస్తులు పట్టుకున్నరు. కల్లు తాగిన. బాగ తాగిన. తాగి లారీ ఎక్కి, బస్తాల మీదికెళ్ళి జారిన. మా అమ్మకు తాగుడంటే పడదు, చర్చి సంఘంల ఇజ్జత్ పోయిందని ఇంట్లకెళ్ళి ఎళ్ళగొడ్తదని భయమైంది. అమ్మ నిన్నంటుంటే నేను ఊకున్న. తర్వాత చెప్దామనుకున్న, చెప్పలేకపోయిన. మొన్న ఆదివారం నువ్వు ఇంట్ల లేనప్పుడు అమ్మకు చెప్పిన."

"ఏమన్నది?" అని నేనే అడిగిన.

"చెంబు ఇసిరేసింది మేడమ్."

సుందరమ్మ ఆయన కాలు దిక్కు చూసింది. మొఖం దిక్కు చూసింది.

గేటు కాడ వాచ్‌మన్ కోదాడ మనిషి, "ఏమ్మా, టైమైపోతోంది, లోపలికి రండి" అన్నడు.

"జాన్!" అన్నది సుందరమ్మ.

మెల్లగ గాదు. రోడ్డు అవతల జిరాక్స్ దుకాణమోళ్ళు సుత మర్లి చూసిన్రు.

"జాన్! ఇన్నేండ్లు మీ అమ్మ నన్ను గండాలదంటుంటే, నువ్వు అన్నం తినుకుంట కూసున్నవ్ గదా! నువ్వు కాలు ఈడ్సుకుంట నడిస్తే నా పాణం పోతుండె. చేసింది నేనే అని నేను ఏడవని దినం లేదు. నీకు నోరు లేదా జాన్? నీ నోట్లె మన్నువడ! జాన్, నువ్వు ఇంటికి రా, నీ సంగతి చెప్త!"

పేరు తియ్యని నోట్లకెళ్ళి గంపెడు జాన్లు ఎళ్ళినయి. ఆయన ఒక్కదానికీ ఎదురు చెప్పలే. అన్నీ అయినంక, "చెప్పు, ఎంతన్న చెప్పు. పేరు తీసినవ్ గదా, పెండ్లినాటి లెక్క ఇగ లోపలికి పో. నాకేమన్న అయితదని భయపడకు. పరీక్ష అయ్యేదాక గీ గేటు కాడికెళ్ళి అడుగు కదల. బయటికొచ్చి సూసుకో" అన్నడు.

ఆమె కండ్లు తుడుసుకొని, చెంగు నడుంల దోపుకొని లోపలికి పోయింది.

ఆ మనిషి నిజంగనే కదల్లే. ఎండ గేటు మీదికొచ్చింది. నీడకు రమ్మన్న, చాయ్ తాగుదువు రమ్మన్న. "వద్దు మేడమ్, కిటికీలకెళ్ళి సూస్తే కనవడాలె గదా" అన్నడు. ఫోన్ల ఆయనను ముద్ద అనుకున్ననా? కాదనను, ముద్దనే. కానీ చాయ్ గ్లాసు నేనే తెచ్చి చేతికిచ్చిన.

బెల్లు కొట్టంగనే అందరికన్న ముందు సుందరమ్మే బయటికొచ్చింది. ముందుగాల ఆయన నెత్తికెళ్ళి కాళ్ళ దాక చూసుకున్నది. తర్వాత నా దిక్కు మర్లింది.

"జాన్ వచ్చిండా పేపర్ల?" అని అడిగిన.

"రాలే టీచరమ్మా" అన్నది. "మేరీ అట, ఏనుగట. అంత దాని కథనే. ఏనుగు ఇట్, మేరీ షి. ఏడ తడవడలే."

నేను నెత్తి కొట్టుకున్న. ఇంత లొల్లి అయినంక జానే లేడట! జాన్ తువ్వాల నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతున్నడు. "నువ్వు నవ్వకు, నీతోని నాకు మాటల్లేవ్" అన్నది ఆమె. సూర్యాపేట దాక నిజంగనే మాట్లాడలే. కానీ పక్క సీటుల మాత్రం ఆయననే కూసోనిచ్చింది.

రిజల్ట్ వచ్చిన దినం నేను బళ్ళె ఉన్న. ఫోన్ మోగింది. క్లాసుల ఫోన్ ఎత్తొద్దని పిల్లలకు రోజు చెప్పే నేనే ఎత్తిన.

"టీచరమ్మా, పాసైన!"

"మంచిది తల్లీ, మంచిది. ఇంట్ల చెప్పినవా?"

"ఇంకా అత్తకు చెప్పలే. మొదలు జాన్‌కు చెప్పిన. బస్తా నెత్తి మీద పెట్టుకొనే ఏడ్సిండట. గాయిన తర్వాత మీకే చెప్తున్న."

గాయిన అంటే ఎవరని నేను అడగలే.